తాగడానికి ఏ పువ్వు? మందారం, ఎర్రగోంగూర, శంఖపుష్పం, తంగేడు

పూల కషాయాల పొట్లాలు ఇప్పుడు చిన్న పట్టణాల సూపర్ మార్కెట్లలో సైతం టీ పొడి పక్కనే కనిపిస్తున్నాయి. పొట్లం మీది బొమ్మలో పువ్వు మారినా, దాని కింద రాసే మాటలు మాత్రం మారవు. రక్తపోటు తగ్గుతుందని, చక్కెర అదుపులో ఉంటుందని, బరువు దిగుతుందని, జుట్టు ఒత్తుగా పెరుగుతుందని అన్నింటి మీదా ఉంటుంది. నిజానికి మందారం, ఎర్రగోంగూర రెండూ బెండ, పత్తి మొక్కల కుటుంబానికి చెందినవి కాగా, శంఖపుష్పం, తంగేడు చిక్కుడు కుటుంబానికి చెందినవి. వాటిలోని రసాయనాలు వేరు, మనుషులపై వాటిని పరీక్షించిన తీరు వేరు, ఏ మందుతో కలిస్తే చిక్కు వస్తుందన్నదీ వేరు. అందువల్ల ఏ పువ్వు మంచిదని అడిగే ముందు, దేనికోసం తాగాలనుకుంటున్నాం, ఇప్పటికే ఏ మాత్రలు వేసుకుంటున్నాం అన్న రెండు సంగతులు తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో నాలుగు పూలనూ ఆ రెండు కోణాల నుంచే పోల్చి చూద్దాం.

హైబిస్కస్ పేరుతో వచ్చే రెండు పూలు

ముందుగా తేల్చవలసిన గందరగోళం ఒకటి ఉంది. రక్తపోటును తగ్గిస్తుందని వార్తల్లో వచ్చే "హైబిస్కస్ టీ"ని తెలుగులోకి తెచ్చేటప్పుడు చాలామంది మందార టీ అని రాసేస్తారు. పక్కన పెరటి మందారం బొమ్మ కూడా వేస్తారు. కానీ ఆ పరిశోధనలలో వాడినది మందారం కాదు. అది మన గోంగూరే, అంటే తెలంగాణలో పుంటికూర అని పిలిచే మొక్కే. హైబిస్కస్ అన్నది ఆ జాతి మొత్తానికీ ఉన్న పేరు. మందారం అందులో రోజా సైనెన్సిస్ అయితే, ఎర్రగోంగూర సబ్దరిఫా. ఒకదాని మీద వచ్చిన ఫలితాన్ని రెండవదానికి అంటగట్టడానికి ఏ ఆధారమూ లేదు.

ఎర్రగోంగూర విషయంలో కషాయానికి పనికివచ్చేది కూడా కచ్చితంగా చెప్పాలంటే పువ్వు కాదు. లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు బొట్టు ఉన్న ఆ పువ్వు ఒక్కరోజుతోనే వాడిపోతుంది. రేకులు రాలిన తరువాత కాయ చుట్టూ ఉన్న రక్షక పత్రావళి మూడు వారాలలో కండపట్టి, ముదురు ఎరుపు రంగుకు తిరిగి, పుల్లని రసంతో నిండుతుంది. పచ్చడికి కోసుకునే గోంగూర కాయ ఇదే. తొడిమ దగ్గర చాకుతో చుట్టూ గాటు పెట్టి వేలితో పైకి నెడితే, నూగుతో ఉన్న ఆకుపచ్చని గింజల కాయ బయటికి వచ్చేస్తుంది. మిగిలిన ఎర్రని తొడుగును ఎండబెడితే అదే కషాయపు సరుకు. ఈజిప్టు, సూడాన్ దేశాలలో దీనిని కర్కాదే అంటారు, సెనెగల్‌లో బిస్సాప్ అంటారు, మెక్సికోలో హమైకా అంటారు. గల్ఫ్ దేశాలలో పనిచేసి వచ్చినవారు కర్కాదేను తాగే ఉంటారు, కానీ అది మన పుంటికూర కాయే అని గమనించినవారు తక్కువ.

ఈ తొడుగు మీద మనుషులతో జరిగిన పరీక్షలు మిగిలిన మూడు పూలకంటే ఎక్కువ. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తపోటు కొద్దిగా ఎక్కువగా ఉండి ఇంకా మాత్రలు మొదలుపెట్టని 65 మందిని తీసుకున్నారు. వారిలో ఒక వర్గం ఆరు వారాలపాటు రోజుకు మూడు సార్లు, ఒక్కొక్కసారి 240 మిల్లీలీటర్ల కషాయం తాగింది. ఒక్కో కప్పుకు వాడిన ఎండు తొడుగులు 1.25 గ్రాములు మాత్రమే. రెండవ వర్గానికి అదే రంగు, రుచి ఉన్న మామూలు పానీయం ఇచ్చారు. కషాయం తాగినవారిలో పై రక్తపోటు సగటున 7.2 పాయింట్లు తగ్గగా, మామూలు పానీయం తాగినవారిలో 1.3 పాయింట్లు తగ్గింది. కింది రక్తపోటులో మాత్రం రెండు వర్గాల మధ్య నమ్మదగిన తేడా కనబడలేదు. ఉప్పు తగ్గించుకోవడం, రోజూ నడవడం వంటి అలవాట్ల వల్ల వచ్చే మేలుతో పోల్చదగిన ఫలితమిది. అయితే దీనిని చూసి మరీ పొంగిపోనక్కరలేదు. ఇటువంటి అధ్యయనాలను జల్లెడ పట్టే కాక్రేన్ సమీక్షకులు, గట్టి నిర్ణయానికి ఉన్న ఆధారాలు చాలవని తేల్చారు. నా అభిప్రాయమూ అదే. రక్తపోటు హద్దు మీద ఉన్నవారికి ఇది మంచి అలవాటు కాగలదు, రక్తపోటు నిర్ధారణ అయినవారికి మాత్రం మాత్రకు బదులు కాలేదు.

తాగే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలి. ఈ కషాయం చింతపండు రసం మాదిరిగా బాగా పుల్లగా ఉంటుంది కాబట్టి కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలలో గానీ, అల్యూమినియం గిన్నెలలో గానీ కాచకూడదు. స్టీలు, గాజు, పింగాణీ వాడాలి. తాగిన వెంటనే పళ్లు తోముకుంటే పులుపుకు మెత్తబడిన పంటి పైపొర అరుగుతుంది కనుక మంచినీళ్లతో పుక్కిలిస్తే చాలు. కడుపులో మంట, పుల్లని త్రేన్పులు ఉన్నవారికి పరగడుపున తాగడం సరిపడదు. పులుపును చంపడానికి కప్పుకు రెండు చెంచాల పంచదార వేసుకుంటే మూడు కప్పులకు ఆరు చెంచాలు అవుతుంది. రోజుకు సుమారు 25 గ్రాములకు మించని పంచదార మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న పరిమితి అక్కడే నిండిపోతుంది. పంచదార లేకుండా తాగలేమనుకునేవారు తొడుగులను రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి చూడవచ్చు, వేడినీటిలో మరిగించినప్పటికంటే వగరు తక్కువగా దిగుతుంది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. గోంగూర నిల్వ పచ్చడి తింటే ఈ ప్రయోజనం రాదు. రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు తినమన్న సలహాను ఆ పచ్చడి రెండు పూటల్లోనే తలకిందులు చేస్తుంది.

మందుల విషయంలో ఎర్రగోంగూరకు చాలా జాగ్రత్త అవసరం. పని చేసే పదార్థం కాబట్టే ఇతర మందుల పనిలో కూడా జోక్యం చేసుకుంటుంది. రక్తపోటు మాత్రలు వేసుకుంటూ రోజూ మూడు కప్పులు మొదలుపెడితే రక్తపోటు అవసరానికి మించి పడిపోయి, లేచి నిలబడేసరికి కళ్లు తిరగవచ్చు. నీరు పోయే మాత్రలలో ఒకటైన హైడ్రోక్లోరోథయజైడ్ శరీరంలో ఎక్కువసేపు నిలిచేలా ఇది చేస్తుందని జంతువులపై జరిగిన ప్రయోగాలు చూపాయి. సూడాన్‌లో ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షలో, ఈ పానీయంతో కలిపి మింగినప్పుడు మలేరియా మందు క్లోరోక్విన్ రక్తంలోకి చేరడం బాగా తగ్గింది. మన్యం ప్రాంతాలలో మలేరియా చికిత్స పొందుతున్నవారు ఆ కొన్ని రోజులూ గోంగూర కాయ పులుసును, కషాయాన్ని పక్కన పెట్టడం మంచిది. గర్భిణులు కూడా ఈ కషాయాన్ని మానుకోవాలి. కూరలో తినే గోంగూర ఆకు సంగతి వేరు. మూత్రపిండాలలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నవారు రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్లనే లవణాల దృష్ట్యా వైద్యునితో ఒక మాట చెప్పి మొదలుపెట్టాలి.

పెరటి మందారం

మందారానికి మన ఇళ్లలో ఉన్న పేరు తలనూనె వల్ల వచ్చింది. కొబ్బరినూనెలో మందార పూలు, ఆకులు వేసి కాచడం తరతరాల అలవాటు. జుట్టు విషయంలో ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో మందార ఆకు సారం పువ్వు సారంకంటే ఎలుకలలో వెంట్రుకల పెరుగుదలకు ఎక్కువగా తోడ్పడినట్లు కనిపించింది. అందువల్ల జుట్టు కోసమే అయితే పూలు ఏరుకుని ఎండబెట్టి కషాయంగా తాగే శ్రమకంటే, పచ్చి ఆకు దంచి జిగురు తీసి తలకు పట్టించడమే అర్థవంతంగా తోస్తుంది. లోపలికి తాగితే జుట్టు పెరుగుతుందని చూపే పరీక్ష మనుషులపై లేదు.

తాగే పానీయంగా మందారానికి పెద్దగా రుచి లేదు. రెక్క మందారపు ఎర్రని రేకులు వేడినీటిలో వేస్తే నీరు మసక ఊదారంగుకు తిరుగుతుంది. నిమ్మరసం పిండగానే నిగనిగలాడే గులాబి ఎరుపు వస్తుంది. బడిలో ఆమ్లాలు, క్షారాల పాఠంలో మందార రసాన్ని సూచికగా వాడినవారికి ఇది కొత్త కాదు, సబ్బునీరు పోస్తే అది ఆకుపచ్చగా మారడం కూడా చూసే ఉంటారు. ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు మంచివే. కానీ అవి నేరేడు పండులో, నల్ల ద్రాక్షలో, ఊదా వంకాయ తొక్కలో కూడా ఉన్నాయి. కేవలం వాటికోసమే మందారం తాగవలసిన అవసరం లేదు.

రెండు ఇబ్బందులు మాత్రం తెలిసి ఉండాలి. ఎలుకలపై మన దేశంలో జరిగిన పలు ప్రయోగాలలో మందార పువ్వు సారం గర్భం నిలవడాన్ని అడ్డుకున్నట్లు తేలింది. కప్పు కషాయానికి అంత శక్తి ఉందని ఎవరూ రుజువు చేయలేదు గానీ, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారికి, గర్భిణులకు ఆ సందేహం చాలు, మానుకోవడానికి. రెండవది మొక్క మీద కొట్టే మందు. మందారానికి పిండినల్లి పట్టని పెరడు ఉండదు. దానికి నర్సరీలలోనూ, ఇళ్లలోనూ కొట్టే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు ఆకు మీదే ఉండిపోకుండా మొక్క రసంలో కలిసి పూలలోకి సైతం చేరతాయి. కడిగితే పోయేవి కావు. కడియం వైపు నుంచి వచ్చిన కుండీ మందారాన్ని తెచ్చుకుంటే, అది అలంకారం కోసం పెంచిన మొక్క అని గుర్తుంచుకుని, కొత్త చిగుళ్లు వేసి కొన్ని నెలలు గడిచేవరకు దాని పూలను నోట పెట్టకపోవడమే మంచిది. నా మట్టుకు మందారాన్ని పూజకు, తలకు ఉంచేసి, తాగడానికి దాని బంధువైన గోంగూరను ఎంచుకుంటాను.

శంఖపుష్పం

నాలుగింటిలో చూడముచ్చటైనది శంఖపుష్పమే. కంచెల మీద పాకే ఈ తీగ నీలిపూలు పది వేడినీటిలో వేస్తే రెండు నిమిషాల్లో నీరు ముదురు నీలంగా మారుతుంది. నిమ్మచుక్క పడగానే ఊదారంగుకు తిరుగుతుంది. తెల్లపూల రకంలో ఈ రంగు ఉండదు. రుచి చాలా చప్పగా, పచ్చి చిక్కుడు వాసనతో ఉంటుంది కాబట్టి అల్లం, నిమ్మగడ్డి వంటివి తోడు కావాలి. థాయిలాండ్‌లో ఇది అతిథులకిచ్చే చల్లని పానీయం, మలేసియాలోని కెలాంతాన్ ప్రాంతంలో అన్నానికి నీలిరంగు ఇచ్చేది ఇదే.

దీని ఆరోగ్య ప్రయోజనాల గురించి చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఈ పువ్వుకు చెందినవి కావు. జ్ఞాపకశక్తి మీద జరిగిన ప్రయోగాలలో చాలావరకు ఈ తీగ వేరు సారంతో, ఎలుకలపై జరిగాయి. పైగా ఆయుర్వేద దుకాణాలలో మేధ్య ఔషధంగా, అంటే బుద్ధిని పెంచే మందుగా అమ్మే శంఖపుష్పి సాధారణంగా నేలమీద పాకే వేరే మొక్క. చీటీ రాసి పంపేటప్పుడు ఈ రెండూ తారుమారు కావడం మామూలే కాబట్టి, కావలసినది నీలిపూల తీగ అని స్పష్టంగా చెప్పాలి. పువ్వు మీద మనుషులతో జరిగిన పరీక్షలలో ఒకటి థాయిలాండ్‌లో 2018లో వెలువడింది. పదిహేను మంది ఆరోగ్యవంతులైన పురుషులకు పంచదార నీటితోపాటు ఈ పువ్వు సారం ఇస్తే, రక్తంలో చక్కెర పెరుగుదల కొంత నెమ్మదించింది. మధుమేహం లేని పదిహేను మందిలో ఒకపూట కనిపించిన మార్పును బట్టి మధుమేహులకు సలహా ఇవ్వడం కుదరదు.

భద్రత విషయంలో దేశాల వైఖరి ఒకేలా లేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2021లో ఈ పువ్వు సారాన్ని ఆహారపు రంగుగా అనుమతించింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాత్రం 2022లో, ఎండిన పూలను సంప్రదాయ ఆహారంగా అమ్మే ప్రతిపాదనపై అభ్యంతరం తెలిపింది. ఈ మొక్కలో ఉండే సైక్లోటైడ్లు అనే చిన్న ప్రోటీన్ల ప్రభావం తగినంతగా తేలలేదన్నది వారి వాదన. ఆగ్నేయాసియాలో తరాలుగా తాగుతున్న పానీయాన్ని చూసి భయపడవలసిన పని లేదు గానీ, అప్పుడప్పుడూ తాగే పానీయంగా ఉంచుకోవడమే సబబు. గింజలను, వేరును మాత్రం ఇంటి వైద్యానికి వాడకూడదు, అవి తీవ్రమైన విరేచనకారులు. పిల్లలున్న ఇంట్లో ఎండుకాయలు ముదిరి పగలకముందే కోసేయాలి.

రాత్రి పూట టీ, కాఫీ తాగితే నిద్ర పట్టనివారికి శంఖపుష్పం చక్కగా సరిపోతుంది, అందులో కెఫీన్ లేదు. ఆ మాటకొస్తే ఈ నాలుగింటిలో దేనిలోనూ లేదు. వేడిగా ఒక కప్పు చేతిలో ఉండాలన్నంత మాత్రమే కోరిక అయితే, మందులతో పెద్ద పేచీ లేనిది, పులుపు లేనిది, కంటికి ఇంపైనది ఇదే.

తంగేడు

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు మొదటి వరుసలో పేర్చే పువ్వు. మెట్ట నేలల్లో, గట్ల మీద, రాళ్లలో సైతం పెరుగుతుంది, పశువులు ముట్టవు. దీని బెరడుతో పూర్వం తోళ్లు ఊనేవారు. తమిళనాడులో ఆవారం పూ పేరుతో దీనిని మధుమేహానికి కషాయంగా తాగుతారు, పప్పులో వేసి వండుతారు. శ్రీలంకలో రణవర పేరుతో ఇది రోజువారీ పానీయం. ఇంత వాడకం ఉన్నా మన ప్రాంతంలో పువ్వును తాగే అలవాటు ఇటీవల పొట్లాల రూపంలోనే విస్తరించింది.

చక్కెర వ్యాధి విషయంలో తంగేడు మీద ఆశ పుట్టించే పనులు లేకపోలేదు. అన్నామలై విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో, మధుమేహం కలిగించిన ఎలుకలకు ఈ పువ్వు నీటి సారం ఇస్తే రక్తంలో చక్కెర, కొవ్వు తగ్గాయి. ఆ తరువాత కూడా ఇటువంటి ఎలుకల ప్రయోగాలు చాలా వచ్చాయి. కానీ ఎర్రగోంగూరకు ఉన్నట్లు, మామూలు పానీయం తాగిన వర్గంతో పోల్చి, ఫలానా మోతాదులో ఫలానా వారాలు అని తేల్చిన గట్టి మానవ పరీక్ష దీనికి లేదు. ఇక్కడే నా అభ్యంతరం. రక్తపోటు పొరపాటుగా కొంచెం పడితే మనిషి కూర్చుని సర్దుకోగలడు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో తీసుకునే వ్యక్తికి రాత్రివేళ చక్కెర పడిపోతే ఇంట్లోవారు గమనించేలోపే ప్రమాదం ముంచుకొస్తుంది. అందుకే ఈ నాలుగింటిలో సొంత నిర్ణయంతో రోజూ తాగడం మొదలుపెట్టకూడనిది ఏదని అడిగితే నేను తంగేడునే చూపిస్తాను. తప్పక తాగాలనుకుంటే వైద్యునికి చెప్పి, ఇంట్లో గ్లూకోమీటరు పెట్టుకుని, చెమటలు, వణుకు, గుండెదడ కనిపిస్తే ఏమి చేయాలో తెలుసుకుని మొదలుపెట్టాలి. మాత్ర ఆపేసి కషాయం మీద ఆధారపడటం, అందులో "మూడు నెలల చక్కెర" పరీక్ష కూడా చేయించుకోకుండా ఆధారపడటం, కళ్లకూ మూత్రపిండాలకూ చేటు.

తంగేడు సునాముఖి జాతికే చెందినది కాబట్టి మోతాదు మించితే విరేచనాలు అవుతాయి. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ మందు రక్తంలో పేరుకునేలా చేస్తుందని శ్రీలంకలో ఎలుకలపై జరిగిన ప్రయోగం చూపింది కాబట్టి ఆ మందు వాడేవారు దీని జోలికి వెళ్లకూడదు.

సేకరణలో కూడా తంగేడుకే చిక్కులు ఎక్కువ. పత్తి చేల గట్ల మీది పువ్వులకు చేలో కొట్టిన మందంతా అంటుతుంది, రహదారి పక్కన ఉన్నవాటికి వాహనాల పొగా దుమ్మూ పడుతుంది. బతుకమ్మ పండుగకు తెచ్చిన పూలలో మిగిలినవాటిని ఎండబెట్టి దాచుకుందామని కొందరు అనుకుంటారు. అదే గంపలో రంగులద్దిన గునుగు కూడా ఉండి ఉంటుంది కనుక ఆ ఆలోచన మానుకోవాలి. పసుపుపచ్చని పువ్వులన్నీ ఒకటి కావన్నది మరొక హెచ్చరిక. బంజరులో మొలిచే కసింద కూడా పసుపుపచ్చని పూలు పూస్తుంది. దాని గింజలు తిని పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఇక పచ్చగన్నేరు మొక్క మొత్తం గుండెను ఆపగల విషం. పువ్వును గుర్తుపట్టగల పెద్దవారు పక్కన లేకుండా కోసుకోకూడదు.

తాగడంకంటే వండుకోవడం మేలనిపించే పూలు

కొందరికి కావలసినది ఫలానా జబ్బుకు మందు కాదు, ఆహారంలో కాస్త మంచిదేదో చేర్చుకోవడం. వారికి పై నాలుగింటిలో దేనినీ నేను సూచించను. కషాయంలో దిగేది రంగు, పులుపు, కొద్దిపాటి లవణాలు మాత్రమే. పీచు, మాంసకృత్తులు వడగట్టిన పిప్పిలోనే ఉండిపోతాయి. కూరగా వండుకునే పూలలో పువ్వంతా కడుపులోకి వెళుతుంది. మునగ పువ్వును పెసరపప్పుతో వండినా, కోడిగుడ్డుతో వేయించినా బాగుంటుంది, చీమలు ఉంటాయి కాబట్టి పళ్లెంలో పరిచి దులపాలి. అవిసె పువ్వులో నడుమనున్న కేసరాల కాడను గిల్లి తీసేస్తే చేదు చాలావరకు పోతుంది. అరటి పువ్వు పని ఎక్కువ. ప్రతి చిన్న పువ్వులోంచీ ఉడకని గట్టి పుల్లను, దాని పక్కనున్న పలుచని పొరను తీసి, తరిగినవి నల్లబడకుండా మజ్జిగలో వేయాలి. ఆవపెట్టిన అరటిపువ్వు కూర తిన్నవారికి ఆ శ్రమ వృథా అనిపించదు. డయాలసిస్ మీద ఉన్నవారు, పొటాషియం తగ్గించమని వైద్యుడు చెప్పినవారు మాత్రం దీనిని మితంగానే తినాలి.

వేపపువ్వు ఉగాది పచ్చడికే పరిమితం కానక్కరలేదు. చైత్రంలో చెట్టు కింద బట్ట పరిచి రాల్చుకుని, నీడన ఆరబెట్టి, కావలసినప్పుడు నేతిలో వేయించి వేడి అన్నంలో మొదటి ముద్దకు కలుపుకోవచ్చు. ఇప్పపువ్వు దీనికి పూర్తిగా భిన్నం. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు దానితో లడ్డూలు చేస్తున్నారు, బలానికి మంచి ఆహారం. ఎండిన ఇప్పపువ్వులో అధికభాగం చక్కెరే కాబట్టి మధుమేహులకు మాత్రం పనికిరాదు.

ఎవరికి ఏది

రక్తపోటు హద్దుకు కొంచెం పైన ఉండి, వైద్యుడు ఆహారం, వ్యాయామంతో కొన్ని నెలలు చూద్దామన్న వ్యక్తికి ఎర్రగోంగూర తొడుగు సరైన ఎంపిక. పంచదార లేకుండా, రోజుకు రెండు మూడు కప్పులు, ఆరు వారాలు తాగి, ఇంటి యంత్రంతో ఉదయం ఒకే వేళకు రక్తపోటు చూసి రాసుకుంటే ఫలితం ఉన్నదీ లేనిదీ తనకే తెలుస్తుంది. తేడా లేకపోతే మానేయవచ్చు. ఇప్పటికే మాత్రలు వాడుతున్న వ్యక్తి ఇదే పని చేయాలంటే వైద్యునికి పొట్లం చూపించి మొదలుపెట్టాలి, అప్పుడు కూడా మాత్రకూ కప్పుకూ మధ్య రెండు మూడు గంటల వ్యవధి ఉండటం మంచిది.

మధుమేహం ఉన్న వ్యక్తికి తంగేడుకంటే, టీలో పంచదార మానేసి ఆ స్థానంలో చప్పని శంఖపుష్పం తాగడం ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. ఆ మేలు పువ్వుది కాదు, మానేసిన పంచదారది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు నాలుగూ అక్కరలేదు. వారికి మునగ పువ్వు పప్పు చాలు. శస్త్రచికిత్సకు వెళ్లబోయేవారు ఏ పూల కషాయం తాగుతున్నా ముందే చెప్పి, వైద్యుని సూచన ప్రకారం ఆపివేయాలి.

కొనేటప్పుడు, పెంచేటప్పుడు

పొట్లం మీద హైబిస్కస్ అని మాత్రమే ఉంటే లోపలున్నది ఏదో కంటితోనే తేల్చుకోవచ్చు. ఎర్రగోంగూర తొడుగు ఎండినా మందంగా, తోలులా ఉండి, చివర ఐదు కొనలు గోళ్లలా వంగి కనిపిస్తాయి. నాలుక మీద పెడితే వెంటనే పులుపు తగులుతుంది. ఎండిన మందార రేకు పలుచగా, నలిగిన కాగితంలా ఉండి, పులుపేమీ లేకుండా కొద్దిగా జిగురుగా ఉంటుంది. పొడి రూపంలో ఉన్నదానిని ఇలా పరీక్షించలేం కాబట్టి పొడి కొనకపోవడమే నయం. నీటిలో వేయగానే క్షణాల్లో రంగు దిగి, తొడుగు తెల్లబడిపోతే కృత్రిమ రంగు కలిసిందని అనుమానించాలి. మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం, తయారైన తేదీ, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య లేని పొట్లాన్ని ధర తక్కువని తీసుకోవద్దు. ఇంట్లో గాజు సీసాలో, వెలుతురు తగలకుండా ఉంచితే రంగు నిలుస్తుంది. తేమ తగిలి బూజు వాసన వస్తే ఎండబెట్టి మళ్లీ వాడకుండా పారేయాలి.

పెంచుకోవాలనుకునేవారికి ఎర్రగోంగూర చాలా సులువు. తొలకరిలో విత్తితే, పొద్దు తగ్గే కాలంలో పూతకు వచ్చి, చలికాలం మొదట్లో కాయ కోతకు వస్తుంది. విత్తనం కొనేటప్పుడు కాయ రకమేనా అని అడగాలి. నారకోసం పెంచే రకాలలో ఈ తొడుగు పలుచగా, పీచుగా ఉండి కషాయానికి కలిసిరాదు. అమెరికాలో పెరట్లో గోంగూర వేసే తెలుగువారికి ఒక ఇబ్బంది ఉంది. పొద్దు తగ్గితే గానీ పూత రాదు కనుక, చలి త్వరగా వచ్చే ఉత్తరాది రాష్ట్రాలలో కాయ కండపట్టేలోపే మంచు పడి మొక్క చచ్చిపోతుంది. టెక్సస్, ఫ్లోరిడా వంటి చోట్ల ఆ బెడద తక్కువ. మిగిలినవారు మెక్సికన్ దుకాణాలలో "ఫ్లోర్ దె హమైకా" అని అడిగితే సంచులలో పోసి అమ్మే ఎండు తొడుగులు ఇవే, సన్నని రంగురంగుల టీ పెట్టెలలో వచ్చేదానికంటే చాలా చవకగా దొరుకుతాయి.